నూనె, సూది, ప్రార్థన: మంజీర తీరాన స్వస్థత చరిత్ర

కోటగిరి నుంచి పోతంగల్ దాటి వెళితే మంజీర వస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు బాన్సువాడ కామారెడ్డి జిల్లాకు వెళ్ళింది, కోటగిరి నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. ఓటు మాత్రం రెండు ఊళ్ళదీ ఒకే నియోజకవర్గంలో. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఈ సరిహద్దులో జబ్బు పడినవాళ్ళు ఎప్పుడూ ఒక్క గడపే తొక్కి ఊరుకోలేదు. పొద్దున ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. తగ్గకపోతే పోచమ్మకు సాక పోస్తారు, దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకుంటారు. ఎవరో చెబితే ఆదివారం చర్చికి వెళ్ళి పాస్టరుగారితో ప్రార్థన చేయించుకుంటారు. ఈ చివరి అలవాటు వెనుక చాలా పొడవైన చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం ఇక్కడికి దగ్గర్లోనే, బోధన్, నిజామాబాద్ దాటాక వచ్చే డిచ్‌పల్లిలో జరిగింది.

క్రైస్తవానికీ రోగానికీ సంబంధం సువార్తలతోనే మొదలైంది. కుష్ఠురోగిని ఎవరూ దగ్గరికి రానివ్వని కాలంలో యేసు చెయ్యి చాపి ముట్టుకున్నాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలనీ, వాళ్ళు నూనె రాసి ప్రార్థించాలనీ యాకోబు పత్రిక చెబుతుంది. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్ పేదలకూ రోగులకూ పెద్ద ఆశ్రయం కట్టించి, అందులో కుష్ఠురోగులకూ చోటిచ్చాడు. అంటే ప్రార్థన, వైద్యశాల మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యయుగాల్లో ఐరోపాలో ఆ నూనె చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు చేసే ఆఖరి సంస్కారంగా కుదించుకుపోయింది. తర్వాత కాల్విన్ వంటి సంస్కర్తలు, అద్భుతంగా బాగుచేసే వరం అపొస్తలుల కాలంతోనే ముగిసిందన్నారు. ఇండియాకు వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీలలో ఎక్కువమంది ఈ ఆలోచనలోనే పెరిగినవారు. దేవుడు మందు ద్వారా బాగుచేస్తాడని నమ్మారు. పల్లెలో ఎవరైనా దయ్యం పట్టిందని చెబితే ఏం చేయాలో వాళ్ళకు తోచేది కాదు.

ఈ ప్రాంతానికి వచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. అది మంచి విషయమనే నా అభిప్రాయం. ఆ సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ రోగుల కోసం ప్రార్థించేవాడు. 1747లో ‘ప్రిమిటివ్ ఫిజిక్’ పేరుతో పేదల కోసం చవకైన ఇంటివైద్యం పుస్తకం కూడా రాశాడు. ఒకే మనిషిలో ఆ రెండూ గొడవ లేకుండా ఇమిడాయి. నైజాంలో ఆ సంఘం పని 19వ శతాబ్దం చివర సికిందరాబాదులో మొదలై మెతుకుసీమకు (మెదక్), ఇందూరుకు (నిజామాబాదు) పాకింది. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరుపుకుంది. కరువులో జనానికి కూలి దొరకాలని ఆ నిర్మాణం సాగించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మాల, మాదిగ కుటుంబాలు ఈ సంఘంలోకి గుంపులుగా వచ్చాయి. వాళ్ళకు దూరమైనవి గుడి, బడి మాత్రమే కావు, వైద్యం కూడా. నాడి పట్టి చూడటానికైనా వైద్యుడు ముట్టుకోవాలి కదా.

1907లో స్కాట్లండు నుంచి దంపతులిద్దరు హైదరాబాదు సంస్థానానికి వచ్చారు: పాదిరి జార్జ్ కెర్, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్. ఇసబెల్ 1903లో ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందింది. నిజామాబాదులో పనిచేస్తుండగా కుష్ఠురోగులు ఆమె కళ్ళబడ్డారు. ఊరివాళ్ళు పెద్దరోగమని పిలిచే ఆ జబ్బు వస్తే మనిషి బతికుండగానే ఇంటివాళ్ళకు దూరమయ్యేవాడు. 1898 నాటి బ్రిటిష్ ఇండియా చట్టం బిచ్చమెత్తుకునే కుష్ఠురోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచే అధికారం ఇచ్చింది. అప్పటి పాలకులకు ఈ రోగి కంటికి కనిపించకుండా ఉండాల్సినవాడు. కెర్ దంపతులు 1911లో నిజామాబాదులో చిన్న ఆశ్రయం తెరిచారు. అది త్వరలోనే చాలలేదు.

అప్పుడు ముందుకు వచ్చింది రాజా నర్సాగౌడ్. నిజామాబాదులో పేరున్న హిందూ దాత. ఆయన ఇచ్చిన డబ్బుతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలైంది. కాస్త ఆగి చూడాల్సిన చోటు ఇది. డబ్బు హిందువుది, రాజ్యం ముస్లిం ప్రభువుది, డాక్టరు క్రైస్తవురాలు. రోగులు అన్ని కులాలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు. క్రైస్తవ స్వస్థత అనగానే చర్చి గోడల లోపలి సంగతి అనుకునేవాళ్ళకు డిచ్‌పల్లి చరిత్ర వేరే పాఠం చెబుతుంది.

మొదట్లో అక్కడ ఇవ్వగలిగింది కడుపునిండా తిండి, శుభ్రమైన కట్టు, నీడ, రోజూ ప్రార్థన. మందులేని జబ్బుకు వైద్యురాలు చేయగలిగింది అంతే. చాల్ముగ్ర జాతి గింజల నూనె ఈ జబ్బుకు పనిచేస్తుందని మన దేశంలో పాత కాలం నుంచే తెలుసు. సుశ్రుతుడు తువరకమని చెప్పింది ఈ జాతి చెట్టునే. అయితే ఆ నూనె తాగితే వాంతులు. రోగి నాలుగు రోజులు తాగి మానేసేవాడు. కలకత్తాలో డాక్టర్ లెనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని సూదిమందుగా ఇచ్చే పద్ధతులు తీర్చిదిద్దారు. మ్యూర్ సూదితో పాటు మంచి తిండి, శరీర శ్రమ కూడా కావాలన్నాడు. 1920లలో ఇసబెల్ కెర్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది. సూదులు నొప్పి పుట్టించేవి, నెలల తరబడి పొడిపించుకోవాలి. జబ్బు ముదిరినవాళ్ళకు అంతగా పనిచేయలేదు. తొలిదశలో వచ్చినవాళ్ళలో మాత్రం చాలామందికి జబ్బు అక్కడితో ఆగింది. అప్పటిదాకా చావడానికి చోటు వెతుక్కుంటూ వచ్చిన రోగి, ఆ తర్వాత బాగై పోదామని రావడం మొదలుపెట్టాడు. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్‌-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

యాకోబు పత్రికలో ఉన్నదీ నూనే, డిచ్‌పల్లి సూదిలో ఉన్నదీ నూనే. ఇసబెల్ రెండింటినీ ఒకే దేవుడి నుంచి అందుకుంది. దేవుడు ఎలా బాగుచేస్తాడన్న సంగతిలో ఆమె ముందే గిరి గీసుకుని కూర్చోలేదు. విశ్వాసంలో కొత్త అవకాశాలకు తలుపు తెరిచి ఉంచడం అంటే నాకు గుర్తొచ్చేది ఆమే.

డిచ్‌పల్లి ఘనత అక్కడితో ఆగలేదు. అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లోవ్ తర్వాత కలకత్తాకు, అక్కణ్ణుంచి నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్ళాడు. 1940ల చివర అక్కడ, డాప్సోన్ అనే మందును తక్కువ మోతాదులో నోటిద్వారా ఇస్తే ప్రమాదం లేకుండా కుష్ఠు తగ్గుతుందని చూపినవారిలో ఆయన ముఖ్యుడు. నూనె సూదుల కాలం ముగిసి చవకైన మాత్రల కాలం వచ్చింది.

ఆసుపత్రి సంగతి ఇది. పల్లెలోని సంఘం సంగతి వేరు. మిషనరీలు వైద్యాన్ని డాక్టరుకు అప్పగించాక, పల్లె చర్చిలో రోగికి మిగిలింది తక్కువ. పాదిరి అయ్యగారు అనేక ఊళ్ళకు ఒక్కరే, నెలకోసారి వచ్చేవారు. పిల్లకు అమ్మవారు పోసిన రాత్రి, కోడలికి గాలి సోకిందన్న రాత్రి, బాణామతి భయం పట్టుకున్న రాత్రి ఆయన అక్కడ ఉండరు. పోచమ్మ గుడి మాత్రం వాడ చివరే ఉంటుంది. 1959లో పరిశోధకులు పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ డయాసిస్‌లోని వడియారం, జంగరాయి ప్రాంతపు పల్లెల్లో తిరిగి ఈ జీవితాన్ని దగ్గరగా చూశారు. 1968లో వచ్చిన వాళ్ళ పుస్తకం పల్లె క్రైస్తవుణ్ణి ఉన్నది ఉన్నట్టు చూపింది. ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్ళే గ్రామదేవత పండుగలో చందా ఇవ్వడం, జబ్బు వస్తే పాత దారులు వెతుక్కోవడం అందులో ఉంది. దీన్ని విశ్వాసలోపమని కొట్టిపారేయడం తేలిక. బాధలో ఉన్న మనిషి పిలిచినప్పుడు పలికే చోటుకే వెళతాడు. సంఘం పలకలేదు, ఎవరో పలికారు.

అదే కాలానికి కోస్తాలో వేరే గాలి వీస్తోంది. 1905లో పుణె దగ్గర పండిత రమాబాయి ముక్తి ఆశ్రమంలో, 1906లో అమెరికా లాస్ ఏంజిలిస్ అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవాల ప్రభావం తెలుగు నేలకూ చేరింది. కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ ఆంధ్రలో పెంతెకొస్తు సంఘాలు నాటారు. లూథరన్ సంఘంలో పెరిగిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషన్ ప్రారంభించారు. గుంటూరు పక్కన కాకాని ఆ మిషన్‌కు కేంద్రమైంది. దేవదాసు అయ్యగారు 1960లో మరణించినా, రోగుల కోసం కనిపెట్టి ప్రార్థించే ఆ పద్ధతి ఆగలేదు. విదేశీ డబ్బు లేకుండా, తెలుగు పాటతో, నేల మీద కూర్చుని సాగిన ఈ ఉద్యమాలు రోగిని మళ్ళీ సంఘం మధ్యకు తెచ్చాయి. ఉపవాస ప్రార్థన, నూనె రాయడం, బాగైనవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం ఇవాళ కోటగిరి నుంచి కొత్తగూడెం దాకా చిన్న సంఘాల్లో మామూలైన సంగతులు.

1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో వైద్య మిషన్ల పెద్దలు సమావేశమై, బాగుచేసే పని డాక్టర్లది మాత్రమే కాదు, మొత్తం సంఘానిదన్నారు. 1970లో మహారాష్ట్ర జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు ఆ మాటను చేసి చూపించారు. చదువురాని పల్లె స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చారు. జామ్‌ఖేడ్ పద్ధతి ఈ సరిహద్దు పల్లెల్లో వేళ్ళూనుకుని ఉంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మన బైబిలు స్త్రీలు ఎంత పని చేసేవారో అని నాకు అనిపిస్తుంటుంది.

కార్మన్ యాభై ఏళ్ళ తర్వాత బైబిలు పండితుడు చిల్కూరి వసంతరావుతో కలిసి అవే పల్లెలను మళ్ళీ పరిశీలించాడు. 2014లో వచ్చిన వాళ్ళ పుస్తకం పేరులోనే తెలంగాణలో సంఘం క్షీణించడమూ, తిరిగి లేవడమూ రెండూ ఉన్నాయి. కొన్నిచోట్ల పాత సంఘాలు మాయమయ్యాయి. కొత్తవి పుట్టిన చోట స్వస్థత ప్రార్థనకు పెద్ద స్థానం ఉంది, అక్కడికి రకరకాల కులాలవాళ్ళు వస్తున్నారు. బాప్తిస్మం తీసుకోకుండానే యేసును నమ్ముకుని, ఇంట్లో పాత దేవుళ్ళను తీసేయనివాళ్ళూ ఉన్నారు. రోగం కులాన్ని చూసి రాదు. అందుకే స్వస్థత కూటంలో వేర్వేరు కులాలవాళ్ళు చాప మీద పక్కపక్కన కూర్చోగలిగారు. దళితవాడలోని చర్చికి మిగతా ఊరు నడిచి రావడం మిషనరీ కాలంలోనూ చాలా అరుదు.

ఈ తెరిచిన తలుపులోంచి ఇంకొకటి కూడా లోపలికి వచ్చింది, దాని గురించి మెత్తగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మాత్రలు మానేస్తేనే నీ విశ్వాసం నిజమని చెప్పే ప్రసంగం ఉంది. మధుమేహం, మూర్ఛ, క్షయ ఉన్నవాళ్ళు అలా మందు ఆపితే ప్రాణం పోతుంది. తగ్గకపోతే నీలో పాపం ఉందనడం అంతకంటే క్రూరం. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు అదే అడిగితే యేసు ఒప్పుకోలేదని యోహాను సువార్త 9వ అధ్యాయం చెబుతుంది. పౌలు తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల నిషేధ చట్టం, ఫలానా జబ్బులను తగ్గిస్తామని మంత్రాలు, తాయెత్తులను ప్రచారం చేయడాన్ని నేరం చేసింది. ఆ జబ్బుల జాబితాలో కుష్ఠు కూడా ఉంది.

కుష్ఠు కథ ఇంకా ముగియలేదు. 1980ల తొలినాళ్ళలో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. 2005 చివరికి జాతీయస్థాయిలో ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించామని ప్రభుత్వం చెప్పుకుంది. 1898 చట్టం 2016లో రద్దయింది. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉంటే రెండోవారు విడాకులు కోరవచ్చన్న నిబంధన 2019 దాకా కదలలేదు. 2027 నాటికి వ్యాప్తిని పూర్తిగా ఆపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. కొత్త కేసులు మాత్రం వస్తూనే ఉన్నాయి, వాటిలో పిల్లలవీ ఉన్నాయి. సిగ్గుతోనో, వేరే చర్మరోగమనుకునో దాచుకుంటూ కాలం గడిపేవాళ్ళే చేతివేళ్ళు వంకర పోయాక బయటపడుతున్నారు.

అలా దాచుకున్న మచ్చను డాక్టరుకు చూపించని మనిషి, స్వస్థత కూటంలో పాస్టరు ముందు చొక్కా పైకెత్తి చూపిస్తాడు. ఆ మచ్చ మీద ముట్టుకుంటే తెలుస్తోందా అని అడగడానికి వైద్యపట్టా అక్కర్లేదు. తెలియడం లేదంటే నూనె రాసి, ప్రార్థన చేసి, మర్నాడు తానే వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలి. అక్కడ మందు ఉచితం. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడాలి. ఆ నెలలన్నీ ఆ మనిషి ఆదివారం చాప మీద అందరి పక్కనే కూర్చునేలా చూడటం సంఘం పని.