చాపకూడు నుండి కాఫీ హోటలు వరకు

భోజనమనగానే మనకు ముందుగా రుచులు జ్ఞాపకమునకు వచ్చును. ఏ సీమ ఊరగాయ మేలైనదని వాదించుకొందుము. కాని మన భోజనపు టలవాట్లను పదార్థములకంటె ఎక్కువగా దిద్దినవి రెండు: ఒకటి కూర్చుండు చోటు, రెండవది ప్రక్కన కూర్చుండు మనిషి. తెలుగుదేశపు చరిత్రలో మూడు ఘట్టములను పరిశీలించినచో ఈ సంగతి స్పష్టము కాగలదు.

మొదటిది పలనాటిది. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెనని వీరగాథలు చెప్పుచున్నవి. దానికే చాపకూడని పేరు. మాల కులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారునివలె చేరదీసెను. ఆనాటి వంటకము లేవో మనకు జ్ఞాపకము లేదు. చాప మాత్రము జ్ఞాపకమున్నది. కూటికి పేరు వచ్చినది చాపవలననే గదా! కారెంపూడి వీరారాధనోత్సవములలో నేటికిని చాపకూడు పెట్టుచున్నారు.

రెండవది రాజమహేంద్రవరమునందలిది. ఆ దినములలో ఒకరి బంతిని కూర్చుండి భుజించుట వారి నడతకు సమ్మతి తెలుపుటయే. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినపుడు ఈ కట్టుబాటు బలమెంతయో బయటపడెను. వెలికి వెరచి వంటవారు, నీళ్లవారు తొలగిపోయిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి వంట చేసిరి. విస్తరి ముందు కూర్చుండుటకే ధైర్యము కావలసిన కాలమది!

మూడవది కాఫీ హోటలు. చదువునకో, కొలువునకో, కోర్టు పనికో పట్టణము చేరినవారికి మొదట పూటకూళ్ల యిండ్లు, తరువాత హోటళ్లు ఆధారమైనవి. చోటు మారగానే అలవాటు మారెను. ఊరిలో ప్రొద్దుట చద్దియన్నము తిన్నవారు పట్టణములో ఇడ్లీకి, కాఫీకి మరిగిరి. నేలమీది పీట పోయి కుర్చీ, బల్ల వచ్చెను. ఎదుటి కుర్చీలోని మనిషిని గోత్రమడుగు తీరిక తగ్గెను.

అయినను హోటలు తనంత తానుగా సమత్వమును తేలేదు. కొన్నింట బ్రాహ్మణులకు వేరు గది యుండెడిది. దళితులను లోనికి రానీయని చోట్లును కలవు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, హోటలు ప్రవేశమునకు కులము అడ్డు కారాదని 15వ అధికరణమున శాసించెను. 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసెను. 1955 నాటి చట్టము దానికి శిక్షలు విధించెను. అటుపిమ్మటను కొన్ని పల్లెల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి సాగుచునే వచ్చెను. చట్టము తలుపు తెరువగలదు. ప్రక్కన చోటిచ్చుట మాత్రము మనుష్యుల పని.

ఈ పరీక్ష వీధికే పరిమితము కాదు. అందరికి వడ్డించి, చివరకు వంటయింటి మూలను ఒంటరిగా తిను ఇల్లాండ్రు మన యిండ్లలో తరతరములుగా ఉన్నారు. బల్ల కొన్న యిండ్లలోను ఒక కుర్చీ తరచు ఖాళీగానే యుండును. బ్రహ్మనాయుని చాపను కొనియాడు మనము, ఈ రాత్రి వడ్డించు చేతులకు కూడ మన బంతిలో చోటున్నదో లేదో చూచుకొందుము గాక!