లొట్టిపిట్ట పాలు

ఒంటెకు పాత తెలుగులో లొట్టిపిట్ట అని పేరు. తరగతిలో ఆ మాట చెప్పినప్పుడల్లా “ఇదేం పిట్ట, మాస్టారూ!” అని పిల్లలు నవ్వేవారు. బరువులు మోసే జంతువుగానే దానిని వారికి పరిచయం చేశాను. ఉద్యోగ విరమణానంతరం దాని పాలను గురించిన చరిత్ర కొంత చదివాను. అది చదువరులతో పంచుకోదగినదనిపించింది.

మన పూర్వగ్రంథాలలో ఈ పాల విషయమై ఏకాభిప్రాయం లేదు. చరకసంహిత అష్టక్షీరాలలో ఉష్ట్రక్షీరాన్ని చేర్చి, అది కొంచెం ఉప్పగా, తేలికగా ఉంటుందనీ, వాపులకూ ఉదరరోగాలకూ హితమనీ చెప్పింది. మనుస్మృతి అయిదవ అధ్యాయం మాత్రం దానిని వర్జ్యక్షీరాలలో లెక్కించింది.

రాజస్థాన్‌లో తరతరాలుగా ఒంటెలను పెంచుతున్నవారు రైకాలు. వీరినే రెబారీలనీ అంటారు. పార్వతీదేవి మట్టితో చేసిన ఒంటెకు శివుడు ప్రాణం పోసి, దానిని కాయడానికి తమ మూలపురుషుణ్ణి సృష్టించాడని వారి నమ్మకం. మంద వెంట తిరిగేటప్పుడు ఆ పాలే వారికి ఆహారం. అయినా పాలు అమ్ముకోవడం తప్పని వారి కట్టుబాటు. బండ్లకూ, సేద్యానికీ, సైన్యాలకూ మగ ఒంటెలను అమ్మి జీవించేవారు. బికనీరు సంస్థానపు ఒంటెల దళమైన గంగా రిసాలా 1915లో సూయజ్ కాలువ దగ్గర కూడా పోరాడింది. రాజులకు కావలసింది ఒంటె వీపు. పొదుగు గురించి ఆలోచించినవారు అరుదు.

నిజానికి మరుభూమిలో ఆ పొదుగు విలువ గొప్పది. పచ్చగడ్డి దొరకని చోట ముళ్లచెట్ల ఆకులు మేసి, ఒంటె రోజుకు నాలుగైదు లీటర్ల పాలిస్తుంది. ఒక ఈతకు ఏడాదికి పైగా పాడి ఉంటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు యాగిల్, ఎట్జియన్ 1980లో ప్రకటించిన పరిశోధన నన్ను అబ్బురపరచింది. నీరు అందని ఒంటె పాలలో నీటిపాలు 86 నుండి 91 శాతానికి పెరిగింది, కొవ్వు 4.3 నుండి 1.1 శాతానికి తగ్గింది. తల్లి తాను దప్పికతో ఉండి కూడా దూడకు నీరందిస్తున్నదన్నమాట.

ట్రాక్టర్లు, లారీలు వచ్చాక ఒంటె వీపుకు గిరాకీ పోయింది. దేశంలో 2012 పశుగణన నాటికి నాలుగు లక్షలున్న ఒంటెలు 2019 నాటికి రెండున్నర లక్షలయ్యాయి. రాజస్థాన్ ప్రభుత్వం 2014లో దానిని రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధించి, రాష్ట్రం దాటించడంపై ఆంక్షలు పెట్టింది. ఉద్దేశం రక్షణే. కాని కొనేవారు కరువై మగ ఒంటెల ధర పడిపోయింది. పెంపకందారుకు మిగిలిన ఆధారం, తాతలు అమ్మవద్దన్న పాలే.

వాటికీ దారి సుగమం కాలేదు. ఒంటెపాలు మనుషులు తాగదగినవి కావన్న రాజస్థాన్ హైకోర్టు తీర్పును 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆహార భద్రతా సంస్థ వాటికి ప్రమాణాలు నిర్ణయించింది 2016లో. కచ్ ప్రాంతపు పాలను 2019లో అమూల్ సీసాలలో అమ్మకానికి పెట్టింది.

పాతకట్టుబాటు సడలడం అనివార్యమనే నేననుకుంటాను. అయితే అమ్మకం లేనందువల్ల ఇన్ని తరాలూ దూడ వాటా దూడకు దక్కిందన్నది మరువరాదు. ఒంటెకు నాలుగు చన్నులు. ఎడారి పశుపాలకులు పలుచోట్ల రెండు పిండుకొని రెండు దూడకు వదులుతారు. ఎడారిలో ఎన్ని లీటర్ల పాలు ఉత్పత్తి చేయవచ్చునో లెక్కలు వేసేవారు, ముందుగా ఆ రెండు చన్నులనూ తీసివేసి లెక్క మొదలుపెట్టాలి.