ప్రొద్దుటూరు ఇంట్లో బెంగళూరు ఆఫీసు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని సొంతిళ్ల నుంచే పనిచేయవలసి వచ్చినప్పుడు, ఆఫీసు నెట్‌వర్క్‌కు ప్రధానమైన దారి వీపీఎన్, అంటే మామూలు ఇంటర్నెట్ మీదే సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి పంపే ప్రైవేటు మార్గం. బీపీఓ సంస్థలు ఇంటి నుంచి పని చేయించాలంటే కోటి రూపాయల డిపాజిట్ కట్టాలన్న నిబంధనను టెలికాం శాఖ మార్చి 13నే సడలించింది గానీ, సడలింపు ఉత్తర్వుతో లైను కలవదు కదా! వీపీఎన్ కలిసినట్టే చూపించి సర్వరు మాత్రం తెరుచుకోకపోవడానికి ఒక కారణం చిరునామాల తగాదా: ఇంటి రౌటరు, ఆఫీసు రెండూ 192.168.1 శ్రేణినే వాడితే, కంప్యూటరు ఆఫీసు సర్వరును ఇంట్లోనే వెతుకుతుంది. రౌటరు సెట్టింగుల్లో శ్రేణిని 192.168.50గా మారిస్తే ఆ చిక్కు విడిపోతుంది. అది తెలియనంతకాలం నింద ఇంటర్నెట్ ఇచ్చే కేబులు వాళ్ల మీదికే పోతుంది. ఇక సడలించిన ఆ డిపాజిట్ నిబంధననైతే 2020 నవంబరులో పూర్తిగా ఎత్తివేశారు.