కొత్తవలస దారిలో రైలు కేబిను

కె.కోటపాడునకు రైలు లేదు. అయినను రైలు ప్రయాణమెరుగని ఇల్లు ఈ ప్రాంతమున అరుదు. కొత్తవలసకో, పెందుర్తికో పోయి బండి నెక్కుట ఇచ్చటివారికి తరతరాల అలవాటు. ఎక్కినవారు ఇంజనును చూతురు. టిక్కెట్ల తనిఖీదారును మరింత శ్రద్ధగా చూతురు. పూర్వము స్టేషను చివర, పట్టాల ప్రక్క నిలిచియుండిన చిన్న మేడగదిని, అందలి మనుష్యుని గమనించినవారు తక్కువ. ఆ గదినే కేబిను అనెడివారు.

ఈ దారిని వేసినది ఈస్టు కోస్టు స్టేటు రైల్వే. బెజవాడకును కటకమునకును నడుమ 1893-1896 సంవత్సరములలో భాగములు భాగములుగ తెరువబడినది. 1901లో వాల్తేరునకు దక్షిణ భాగము మద్రాసు రైల్వేకును, 1902లో ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ రైల్వేకును చేరినవి. కొత్తవలస ఈ రెండవవారి పాలన క్రిందికి వచ్చెను.

రైళ్లు పుట్టిన తొలినాళ్లలో పట్టాలు మార్చువాడొకడు, సిగ్నలు దించువాడొకడు. ఇద్దరికి మాట కలియనిచో బండి తప్పుదారి పట్టెడిది. 1856లో ఇంగ్లండునందు జాన్ సాక్స్‌బీ ఈ రెంటిని ఒకదానితో నొకటి ముడివేయు యంత్రమునకు పేటెంటు పొందెను. ఖర్చునకు వెరచి పెక్కు కంపెనీలు తాత్సారము చేసినవి. 1889లో ఐర్లండునందలి ఆర్మా వద్ద, పిల్లలతో నిండిన విహారయాత్ర బండి పెట్టెలు మిట్టమీద విడివడి వెనుకకు జారి, వెనుక వచ్చు బండికి తగిలి 80 మంది మరణించిరి. ఆ యేడే చట్టము వచ్చి, బ్రేకులతో పాటు ఈ ముడిని కూడ నిర్బంధము చేసెను. భారతదేశమున 1894 నాటికి గాజియాబాదు-పెషావరు మార్గమందలి 23 స్టేషనులలో ఇట్టి ఏర్పాటు నెలకొనినది.

కేబినులో ఇనుప లీవర్లు వరుసగా నిలిచియుండెడివి. ఆపు సిగ్నలుది ఎరుపు, పట్టాలు మార్చునది నలుపు, తాళమునకు నీలము, పనిలేనిదానికి తెలుపు. వాని అడుగున ఇనుప కడ్డీలు అడ్డముగను నిలువుగను అల్లుకొనియుండెడివి. ఒక లీవరు లాగగనే దానికి విరుద్ధమైనవన్నియు బిగిసిపోవును. పట్టా ప్రక్కదారికి తిరిగియుండగా సూటిదారి సిగ్నలును దించుట భీమునికైనను శక్యము కాదు. సిగ్నలు తంతి తెగినచో, స్తంభము మీది చేయి బరువు వలన తనంతట తానే అడ్డముగా నిలిచి బండిని ఆపును. కేబినుతో ముడిపడిన గేట్ల వద్ద, ఎంత పిలిచినను గేటు తీయడేమని గేటుమన్‌ను తిట్టిన ఎడ్లబండివారెందరో! సిగ్నలు దిగిన పిమ్మట గేటు తీయుటకు అతనికి మనసు లేక కాదు, వీలే లేదు.

పని సుళువైనది కాదు. దూరపు సిగ్నలు లాగవలెనన్న కాలు తన్నిపెట్టి ఒడలంతయు వెనుకకు వాల్చవలెను. ఎండకు తంతి సాగును, చలికి ముడుచుకొనును. దాని బిగువు మాటిమాటికి సరిచూడవలెను. ప్రొద్దు క్రుంకువేళ దీపములవాడు స్తంభములెక్కి కిరసనాయిలు దీపములమర్చెడివాడు. ఒంటిదారులలో మరియొక కట్టుబాటు గలదు. రెండు స్టేషనుల యంత్రములనుండి ఒక్కమారు ఒక్క ఇనుప గోళమే వెలుపలికి వచ్చును. అది చేతికందనిదే డ్రైవరు కదలరాదు.

కాలక్రమమున రంగుదీపములు, మీటలబల్లలు, పిదప కంప్యూటర్లు వచ్చినవి. కేబినులు క్రమముగా మూతపడినవి. కడ్డీలు చేసిన పనిని విద్యుత్తు తీగెలు చేయసాగినవి. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ బజారు వద్ద, ఈ దారినే పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సునకు సూటిదారి సిగ్నలు పడినది. పట్టా మాత్రము ప్రక్కదారికే తిరిగియున్నది. తీగెల కూర్పులో జరిగిన పొరపాటే కారణమని విచారణలో తేలినది. 290 మందికి పైగా మరణించిరి. ఇనుప కడ్డీలు జరుగనీయని తప్పు సరిగా అదియే.

అదే సంవత్సరము అక్టోబరు 29 రాత్రి కొత్తవలసకు చేరువనే, కంటకాపల్లి-అలమండ స్టేషనుల నడుమ నిలిచియుండిన పలాస పాసింజరును వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొనెను. వెనుక బండి సిగ్నళ్లను దాటిపోయినదని రైల్వేవారి ప్రాథమిక విచారణ తెల్పినది. పదునలుగురు చనిపోయిరి. అచ్చటివి వాటంతట అవే మారు సిగ్నళ్లు. ఆ రెండు స్టేషనుల నడుమ వానిని కనిపెట్టి చూచు కేబిను లేదు.