పక్కదారి పట్టిన దుఃఖం

జూదంలో రాజ్యం పోగొట్టుకుని అడవులపాలైన ధర్మరాజు, తనకంటే దౌర్భాగ్యుడైన రాజు ఎక్కడైనా ఉన్నాడా అని బృహదశ్వ మహర్షిని అడిగాడు. మహర్షి ఓదార్పు మాటల జోలికి పోలేదు. పాచికలాటలోనే సర్వం పోగొట్టుకున్న నలుడి కథ ఎత్తుకున్నాడు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయ దాన్ని తెలుగు చేశాడు. కథ ముగిశాక మహర్షి అక్షహృదయమనే పాచికల విద్య కూడా నేర్పాడన్నది చాలామంది మరిచిపోయే వివరం. దుఃఖాన్ని కథవైపు మళ్ళించే ఆ ఉపాయంలోని పస అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

గ్రంథాల ఊసులేని ఇళ్ళలో ఈ పని తిరగలి పాటలు చేశాయి. తెల్లవారుజామున ఎదురుబొదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకే పిడి పట్టుకుని తిప్పేవారు. ఒకరు పాట ఎత్తుకుంటే రెండోవారు అందుకుంటూ, మధ్యమధ్య గుప్పెడు గింజలు పోసేవారు. సీత కష్టాలో, ఊర్మిళ నిద్రో సాగుతుండేది. అత్తింటి బాధ నోరు విప్పి చెప్పుకోలేని కోడలు సీత పేరు చెప్పి ఏడ్చేది. పిండి మాత్రం ఆగకుండా పడేది.

తరువాతి కాలంలో హరికథ ఆ బరువును ఊరుమ్మడి పందిట్లోకి తెచ్చింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గజ్జె కట్టి నిలబెట్టిన కళ అది. కరుణ ముదిరి జనం కళ్ళొత్తుకునే వేళకు పిట్టకథ చెప్పి నవ్వించడం హరిదాసుల నేర్పు. 1948లో విజయవాడ రేడియో కేంద్రం వచ్చింది. ఆపై వారపత్రికల సీరియళ్ళు. ఆ పేజీలు చింపి దాచి, సూదీదారంతో కుట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివిన గృహిణులు ఎందరో. వాటిని కాలక్షేపం చదువులని ఈసడించిన విమర్శకులు ఆ కుట్ల వైపు చూడలేదు.

అమెరికాలో మనస్తత్వవేత్త మార్షా లినెహన్ 1993లో వెలువరించిన చికిత్సా గ్రంథాల్లో, ఉద్వేగం పోటెత్తినప్పుడు మనసు మళ్ళించుకోవడం నేర్చుకోదగిన నైపుణ్యంగా చోటు చేసుకుంది. ఏదైనా పని పెట్టుకోవడం, ఇతరులకు సాయపడటం, మన స్థితిని మరొకరి స్థితితో పోల్చుకోవడం అందులోని మార్గాలు. మూడోది బృహదశ్వుడు తొక్కిన దారే. అయితే అది గండం గడిచేదాకానే. సమస్య చక్కబెట్టడానికి వేరే పాఠాలున్నాయి.

ఇప్పుడు సెల్‌ఫోన్ వంతు. గింజలు అయిపోతే తిరగలి ఆగేది, మంగళం పాడితే హరికథ ముగిసేది, సీరియల్ సశేషమని వారం గడువిచ్చేది. రీల్స్‌కు అలాంటి హద్దేదీ పెట్టలేదు.