హైదరాబాదు కుక్కల సాక్ష్యం

మేడ్చల్లో కాపురం ఉండేవాడికి లారీ అంటే నాగపూరు రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ పోయేదే గుర్తొస్తుంది. నేనిప్పుడు చెప్పబోయే లారీ అది కాదు. ఈయన ఎడ్వర్డ్ లారీ. ఎడింబరోలో చదువుకున్న సర్జన్. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, నిజాంగారి వైద్య పాఠశాలకు పెద్దయై, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో కత్తి పట్టిన మనిషి. రోడ్డు మీది లారీకీ ఈయనకీ ఒక్క పోలిక ఉంది. ఎదురుగా ఎవరొచ్చినా పక్కకి తప్పుకునే రకం కాదు.

ఆయన కాలపు పెద్ద తగాదా క్లోరోఫారం గురించి. 1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు ఈ మందు వాసన చూపించి, కోతల బాధ తప్పించవచ్చునన్నాడు. లోకం చేతులెత్తి దణ్ణం పెట్టింది. మూడు నెలలైనా తిరగకుండానే, 1848 జనవరిలో, హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి కూర్చుని, ఆ మత్తులోనే పోయింది. గోరు కోసం ప్రాణం పోవడమేమిటి చెప్పండి! గుండె ఆగి పోయిందా, ఊపిరి ఆగి పోయిందా? నాడి పట్టుకోవాలని కొందరు, ఊపిరి చూస్తే చాలునని కొందరు. లారీగారు రెండో పక్షం. ఎడింబరోలో గురువు సైమ్ దగ్గర నేర్చిన పాఠమది.

పందెం తేల్చాలంటే ప్రయోగం చెయ్యాలి. ప్రయోగానికి డబ్బు కావాలి. డబ్బు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చారు. 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ కూర్చుంది. కుక్కలకు మందు పట్టించి చూసి, ముందు ఆగేది ఊపిరే, గుండె తరవాతే అని తేల్చారు. లండన్‌లో 'లాన్సెట్' పత్రికవారు పెదవి విరిచారు. అయితే మీ మనిషినే పంపండి, వెయ్యి పౌన్లు మేమిస్తాం అన్నారు హైదరాబాదువారు. ఓడిపోతానేమోనన్న అనుమానం ఉన్నవాడు పిలిచే పిలుపు కాదది.

వచ్చినవాడు సామాన్యుడు కాడు. లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లోనే చూపించినవాడు. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో కొలిచి చెప్పే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. 1889లో కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు అన్నీ కలిపి నాలుగు వందలకు పైబడి ప్రాణుల మీద రెండో కమిషన్ పరీక్షలు నడిచాయి. తిరిగే పీపా మీద రక్తపోటు దానంతటదే గీత గీసేది. క్లోరోఫారం గుండెను నేరుగా చంపగలదని నమ్ముతూ వచ్చిన బ్రంటన్ మనసు మార్చుకుని, హైదరాబాదువారిదే ఒప్పని లండన్‌కు తంతి కొట్టాడు. వైద్యలోకమంతా మన ఊరి పేరు చదివింది.

కథ ఇక్కడ ఆగితే మనకెంత బాగుండేది! 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు మందు గుండెను కూడా దెబ్బ తీస్తుందన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద అసలు ముడి విప్పాడు. మత్తు బాగా పట్టినప్పటికన్నా అరకొరగా పట్టినప్పుడే గండం ఎక్కువ. భయంతో ఒంట్లో ఎడ్రినలిన్ పొంగినప్పుడు, ఆ తేలిక మత్తులో గుండె లయ తప్పి, గిలగిల కొట్టుకుని ఆగిపోతుంది. హన్నా గ్రీనర్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఎంత భయపడి ఉంటుందో ఊహించుకోండి.

మరి హైదరాబాదు కుక్కలు అబద్ధం చెప్పాయా? పాపం, లేదు. చచ్చేదాకా మందు పట్టిస్తే ముందు ఏది ఆగుతుందని అడిగారు. ఊపిరి అని చెప్పాయి. భయపడ్డ మనిషికి సగం మత్తులో ఏమవుతుందని వాటిని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు కుక్కయినా, కోర్టులో సాక్షి అయినా జవాబు చెప్పదు కదా!

అలాగని ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు కాలేదు. ఊపిరి మీంచి కన్ను తీయకూడదన్న పాఠం నిలిచింది. ఆ పాఠశాలలోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ వనిత హైదరాబాదు ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి మత్తు ఇచ్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన తొలి ఆడవాళ్ళలో ఆమె ఒకరు.

ఈ కథ ఇప్పుడెందుకంటారా? మా మేడ్చల్‌కు పక్కనున్న శామీర్‌పేట దగ్గర ఈనాడు జీనోం వ్యాలీ ఉంది. టీకాలు తయారుచేసే కంపెనీలున్నాయి. ప్రయోగాలకు జంతువుల్ని పెంచే జాతీయ కేంద్రమూ ఉంది. ఇప్పుడు అనుమతి లేనిదే ఎలుక మీద కూడా చెయ్యి వేయడానికి వీల్లేదు. ఏం చేస్తారో, ఎన్ని ప్రాణులు కావాలో, ఎందుకు కావాలో నీతి సంఘానికి ముందే రాసి ఇవ్వాలి. అదంతా కాగితాల గొడవని విసుక్కునేవారున్నారు. నాకు మాత్రం ఆ 'ఎందుకు' అన్న గడి చూస్తే ఆ నాలుగు వందల ప్రాణులే గుర్తొస్తాయి. వాటి ప్రాణానికి మనం ఇవ్వగలిగిన వెల ఒక్కటే, ప్రశ్నను సరిగ్గా అడగడం.