చెయెన్‌లో గాలి పలచన

శాన్ హోజేలో ఆన్‌సైట్ ఉన్నప్పుడు వీకెండ్ వస్తే చాలు, కొండ దాటి హాఫ్ మూన్ బే బీచ్‌కి పోయేవాళ్ళం. అక్కడ హైవే పక్కనే ఓ బుల్లి ఎయిర్‌పోర్టు ఉంది. నిలబెట్టిన సెస్నాలు చూసి సరదా పడటమే గానీ, జెస్సికా డుబ్రాఫ్ బయల్దేరింది అక్కణ్ణుంచే అని నాకు అప్పుడు తెలీదు.

1996 ఏప్రిల్ 10. ఆ పిల్లకి ఏడేళ్ళు. ఎనిమిది రోజుల్లో అమెరికా ఈ చివర్నుంచి ఆ చివరకి వెళ్ళి తిరిగి రావాలని ప్లాను. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ జో రీడ్, వెనక నాన్న. విమానం సెస్నా 177బి, 180 హార్స్‌పవర్. తమాషా ఏంటంటే గిన్నిస్ వాళ్ళు అప్పటికే చిన్న వయసు పైలట్ల రికార్డులు ఎత్తేశారు! అయినా టీవీల వాళ్ళు మాత్రం వెంటపడ్డారు.

మొదటి రాత్రి వయోమింగ్‌లోని చెయెన్‌లో ఆగారు. మర్నాడు పొద్దున్నే వాన, ఉరుములు. ముందు వెళ్ళిన విమానం వాళ్ళు విండ్ షియర్ ఉందన్నారు, టవర్ ఆ మాట వీళ్ళకి చేరవేసింది కూడా. 8:24 ప్రాంతంలో బయల్దేరారు. లేచిన కాసేపటికే ఇళ్ళ మధ్య రోడ్డు మీద కూలిపోయారు. ముగ్గురూ పోయారు.

డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటే నేను ఎండాకాలం సమస్య అనుకునేవాణ్ణి. వేడెక్కితే గాలి పలచబడుతుంది, అంతే కదా అని. కానీ ఆ రోజు అక్కడ ఉన్నది 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో నాలుగైదు డిగ్రీలు, చలి! అసలు సంగతి ఊరి ఎత్తులో ఉంది. ఆ ఎయిర్‌పోర్టే 6,156 అడుగుల మీద ఉంటే, విమానానికి అది 6,670 అడుగుల్లా అనిపించింది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం శక్తి పోగొట్టుకుంటుంది. అంటే ఇక్కడ దాదాపు అయిదో వంతు గాల్లో కలిసిపోయినట్టే. ప్రొపెల్లర్ లాగేదీ తగ్గుతుంది. దానికి తోడు మీటరేమో ఎప్పట్లాగే స్పీడు చూపిస్తుంది, కింద నేల మాత్రం ఎక్కువ వేగంగా పరిగెడుతుంది, విమానం నింపాదిగా ఎక్కుతుంది. రీడ్‌కి అలవాటైన రన్‌వే సముద్ర మట్టానికి డెబ్బై అడుగులు కూడా లేదు మరి. పైగా పరిమితి కన్నా 96 పౌండ్ల బరువు ఎక్కువ. ఉరుముల మబ్బుని తప్పించుకోడానికి కుడివైపు తిప్పారు. తిప్పినప్పుడు రెక్కకి ఇంకా ఎక్కువ స్పీడు కావాలి, అది లేక స్టాల్ అయ్యింది.

ఎన్‌టీఎస్‌బీ నివేదికలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. మీడియాకి ఇచ్చిన మాటల వల్ల కూడా ఆ బిగుతు షెడ్యూలుకి కట్టుబడాలనుకోవడం ఒక కారణమని రాశారు. రిలీజ్ డేట్ క్లయింటుకి ముందే చెప్పేసి, టెస్టింగ్‌లో బగ్ కనపడ్డా సరే పోనిద్దాం అన్న మీటింగుల్లో నేనూ కూర్చున్నా, నోరు మెదపలేదు. మా దగ్గర పోయింది ఓ శనివారం రాత్రి నిద్ర మాత్రమే.

అదే ఏడాది అక్టోబర్‌లో చట్టం తెచ్చారు, లైసెన్స్ లేనివాళ్ళు రికార్డుల కోసం కంట్రోల్స్ ముట్టుకోకూడదని. అన్నట్టు, ఆ పొద్దున కంట్రోల్స్ రీడ్ చేతిలోనే ఉండి ఉంటాయని విచారణలో తేల్చారు.